ఈ ఏడు మోకు పేనను

నాకు కోపం ఎక్కువ, ముందే చెప్తున్నాను. అంజన్న సంగతి చెప్పేటప్పుడు ఆ కోపం ఇంకాస్త ఎక్కువవుతుంది. అది ఎవరి మీదో నాకే సరిగా తెలియదు కాబట్టి చదివేవాళ్లు సర్దుకోవాలి.

సౌదీలో బురైదా ఊరు దాటి ఇరవై నిమిషాలు బండి నడిపితే మా మజ్రా వస్తుంది. మజ్రా అంటే ఖర్జూరం తోట. అందులోనే గొర్రెల దొడ్డి, నీళ్ల తొట్టి, పనివాళ్లు పడుకునే గది. నా పేరు మస్తాన్ వలీ, మాది రాయచోటి. పన్నెండేళ్లుగా ఇక్కడ పికప్ బండి తోలుతున్నాను. తోటలో నూట నలభై చెట్లున్నాయి. అన్నీ ఎక్కేది ఒక్క అంజన్నే. మాఘమాసపు చలిలో మగ పువ్వు పుప్పొడి చల్లడానికి ఎక్కుతాడు, గెలలు కట్టడానికి ఎక్కుతాడు, మట్టలు నరకడానికి ఎక్కుతాడు, ఆగస్టు ఎండలో కాయ దింపడానికి ఎక్కుతాడు. ఒక్కో చెట్టు ఏడాదికి ఎన్నిసార్లు ఎక్కాలో లెక్కేసి చూశానొకసారి. సగంలో నాకే ఆయాసం వచ్చి మానేశాను.

ఆయనది జగిత్యాల పక్క పల్లె. గౌండ్లవాళ్లు. పదిహేనేళ్ల వయసు నుంచి తాటిచెట్లు, ఈతచెట్లు ఎక్కి కల్లు గీసిన మనిషి. ముప్పై నాలుగో ఏట ఇక్కడికొచ్చాడు, ఇప్పుడు యాభై ఒకటి. కల్లు పేరెత్తితేనే నేరమైన దేశంలో ఆ విద్యకు పని దొరకడం విచిత్రమే, కానీ చెట్టెక్కడం ఎక్కడైనా చెట్టెక్కడమే కదా.

ఆయన మోకు గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టు కాదు. మోకంటే నడుము వెనక నుంచి చెట్టు చుట్టూ తిప్పి కట్టుకునే లావాటి తాడు. ఎక్కేవాడు వెనక్కి వాలితే అది బిగుసుకుని మనిషిని చెట్టుకు పట్టి ఉంచుతుంది. ఇక్కడివాళ్లు దాన్ని కర్ అంటారు. ఉక్కు తీగతో చేసినవి బజార్లో దొరుకుతాయి. మా కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, అబూ తుర్కీ అలాంటివి రెండు కొనిచ్చాడు. రెండూ స్టోరు గదిలో తుప్పు పట్టాయి. అంజన్న మాత్రం ఏటేటా కాయ దించడం అయిపోగానే ఖర్జూరం మట్టల మొదళ్లలోని గోధుమరంగు పీచు తీసి, నానబెట్టి, బాది, తన మోకు తానే పేనుకుంటాడు. తాడు పేనాలంటే రెండో కొస పట్టుకునేవాడు ఒకడు కావాలి. పన్నెండేళ్లుగా ఆ ఉద్యోగం నాది.

పనిలేనప్పుడు ఆ మోకు ఆయన మంచం పైన, ఎల్లమ్మ పటం పక్కనున్న మేకుకు వేలాడుతుంది. ఎండ తగలనివ్వడు, నేల మీద పెట్టనివ్వడు, ఇంకొకరి ఒంటికి కట్టనివ్వడు. ఒకసారి టీ గిన్నె కోసం పోతూ మేకు మీంచి జారి కింద పడిన మోకును దాటాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడి, నన్ను తిట్టాడు.

పోయిన చలికాలం అబూ తుర్కీ ఒక మాటిచ్చాడు. ఈ ఏడు కాయ దించడం అయిపోతే ఫైనల్ ఎగ్జిట్ ఇస్తానన్నాడు. అంటే ఇక తిరిగి రానక్కర్లేకుండా ఇంటికి. కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఈ మధ్య కొంత వెసులుబాటు వచ్చిందంటారు. తోటల్లో పనిచేసేవాళ్లకీ, నాలాంటి ఇంటి డ్రైవర్లకీ ఎగ్జిట్ ఇంకా కఫీల్ ఫోన్‌లోనే ఉంటుంది. ఆయన వేలు పెట్టి నొక్కితే పోతాం, నొక్కకపోతే ఉంటాం.

ఆ మాట విన్న నాటి నుంచి అంజన్న నడక మారింది. మోకాళ్లు అరిగిపోయిన మనిషి. చెట్టు దిగాక పది నిమిషాలు నిలబడే ఉండేవాడు, కూర్చుంటే లేవలేనని. అట్లాంటివాడు ఆగస్టులో చివరి ఇరవై చెట్లూ నాలుగు రోజుల్లో దింపేశాడు. చివరి చెట్టు దిగిన మధ్యాహ్నం గదికొచ్చి భార్య పుష్పకు వీడియో కాల్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఈ ఏడు మోకు పేన, పుష్పా. ఇదే ఆఖరుది."

అవతల ఆమె పదిహేడేళ్లలో ఎన్ని మాటలు విందో పాపం.

"కాయితం చేతుల వడ్డంక చెప్పు," అంది. "ఇప్పుడైతె బువ్వ తిను."

"నమ్ముతలెవ్వా?"

"నమ్ముత. పీచు నానవెయ్యని నాడు నమ్ముత."

అంజన్న నవ్వాడు. మంచం కిందున్న, పీచు నానబెట్టే డ్రమ్ము లాగి బోర్లించి, ఖాళీదని ఫోన్ తిప్పి చూపించాడు. ఆమె కూడా నవ్వినట్టే వినిపించింది.

అంతా సవ్యంగా ఉండగా ఆ కుర్చీ వచ్చిపడింది. వచ్చిపడడమేమిటి, అది ఏడాది ముందే వచ్చింది.

అబూ తుర్కీ కొడుకు తుర్కీకి వేట పిచ్చి. బురైదాలో ఏదో ఆఫీసులో పని, వారాంతం వస్తే మజ్రాలో తుపాకి. వేసవి చివర ఉత్తరం నుంచి గువ్వలు గుంపులుగా వచ్చి మా నీళ్ల తొట్టి దగ్గర వాలతాయి. వాటికోసం పోయిన సెప్టెంబరులో ఫోన్‌లో చూసి ఒక కుర్చీ తెప్పించుకున్నాడు. అమెరికాలో జింకల కోసం అలాంటివాటిలో చెట్టెక్కి కూర్చుంటారట. ఇనుప చట్రం, కాళ్లు పెట్టుకోవడానికి ఒక జాలీ, కూర్చోవడానికి ఒక బట్ట, చెట్టుకు బిగించడానికి రెండు నైలాన్ పట్టాలు, ఎక్కడానికి ముక్కలు ముక్కలుగా అతికించే నిచ్చెన. మనిషి ఒంటికి కట్టుకునే బెల్టు కూడా పెట్టెలో ఉంది. తుర్కీ దాన్ని ఎత్తి చూసి, "నేనేమన్నా గొర్రెనా?" అని నా బండిలోకి విసిరేశాడు. నేనూ మంచి తాడు దొరికిందనుకుని దానితో ఒక ఫ్రిజ్ కట్టుకుపోయాను. మళ్లీ తేలేదు. ఈ కథలో నా పాత్ర కూడా అంత శుభ్రమైనదేం కాదు.

తొట్టి పక్కన ముసలి మగ చెట్టుకు, రెండు నిలువుల ఎత్తులో, అంజన్న ఆ కుర్చీ బిగించాడు. ఆ సీజను తుర్కీ దాని మీద కూర్చుని కాల్చుకున్నాడు. సీజను అయిపోయింది. కుర్చీ అక్కడే ఉండిపోయింది.

ఉంచేసింది అంజన్నే. దానికో కారణముంది. వాళ్ల ఊళ్లో సామాను రెండు రకాలు. మోకు మనిషి సామాను, పని కాగానే మనిషితోపాటు ఇంటికి రావాలి. కల్లు కారే కుండను, అదే లొట్టిని, కట్టిన తాడు చెట్టు సామాను, సీజనంతా చెట్టు మీదే ఎండకు ఎండి వానకు తడుస్తుంది. తెగితే ఒక లొట్టి పగులుతుంది, అంతే. వాళ్ల నాయన నేర్పిన పద్ధతి అది. చిన్నప్పటి నుంచి ఆ లెక్కలోనే బతికిన మనిషి ఈ కుర్చీని చూసి, చెట్టుకు కట్టేది కాబట్టి చెట్టు సామాను అనుకున్నాడు. దాని మీద మనిషి కూర్చుంటాడు కదా అని ఆయనకు తట్టలేదు. మోకు విషయంలో అంత నిష్ఠగా ఉండే మనిషికి అది తట్టకపోవడం మీకు వింతగా ఉండొచ్చు. నాకైతే ఇప్పటికీ వింతే.

ఈ సెప్టెంబరులో ఒక గురువారం పొద్దున తుర్కీ ఫోన్ చేశాడు. రేపు తెల్లవారి నమాజు కాగానే ముగ్గురు స్నేహితులు వస్తున్నారు, కుర్చీ ఎలా ఉందో చూసి చెప్పమన్నాడు. అంజన్న తొట్టి దగ్గరికి పోయి, తల పైకెత్తి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఫోన్‌లో "తమామ్," అన్నాడు. అంతా బాగుందని.

"ఎక్కి చూస్తివా అన్నా?" అన్నాను.

"సూసిన."

"యాడ చూస్తివి? నేను ఈడే ఉండా కదా."

"కిందికెళ్లి సూసిన. పట్టా కొత్త లెక్కనే ఉన్నది." గొంతులో విసుగు. "మోకాళ్లు గుంజుతున్నయ్ వలీ. ఇగ ఎక్కుడు నా తోని గాదు. పది రోజుల్ల పొయ్యేటోన్ని."

ఆ మాట నిజమే కదా అని నేనూ ఊరుకున్నాను. అన్నం వండాను, పప్పు చేశాను. ఇద్దరం కూర్చున్నాం. అంజన్న కలుపుకున్న ముద్ద కలిపినట్టే ఉంచి కిటికీలోంచి తొట్టి వైపు చూస్తున్నాడు.

"మా తమ్మునికి గూడ గిట్లనే చెప్పిన," అన్నాడు.

తమ్ముడు లక్ష్మణ్ సంగతి నాకు కొంత తెలుసు. చెట్టు మీది నుంచి పడ్డాడని, నడుము కింద కదలదని, పద్దెనిమిదేళ్లుగా మంచంలోనే ఉన్నాడని, ఆయనకు అన్నం పెట్టేది పుష్పేనని. ఎలా పడ్డాడో మాత్రం అంజన్న ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాడు.

వాళ్లలో చెట్టెక్కేముందు ఒక పద్ధతి ఉంది. ఇద్దరు కలిసి పోతారు. ఒకడు చెట్టు మొదట్లో, నేల మీదే, మోకు కట్టుకుని తన బరువంతా వేసి వెనక్కి వాలతాడు. రెండోవాడు ఆ తాడు చుట్టూ తిరిగి, చేత్తో తడిమి, ముడి చూసి, "ఆగింది" అంటాడు. ఆ మాట వినకుండా మొదటివాడు కాలు పైకి ఎత్తడు. తర్వాత రెండోవాడి వంతు. రోజూ, ప్రతి పొద్దునా, నాయన ఉన్నప్పటి నుంచీ అదే.

"ఆ దినం సుట్టాల పెండ్లి ఉండె. జెల్ది పోవాలె. వాడు వాలిండు. నేను దూరంకెళ్లి, నా కత్తి నూరుకుంట, ఆగింది ఎక్కు అన్న. సూడలె. చెయ్యి గూడ పెట్టలె." అంజన్న చేతిలో ముద్ద ఎండిపోతోంది. "లోపట పీచు కుళ్లింది. చెయ్యి పెడితె తెలుస్తుండె."

"లచ్మణ్ ఏమన్నాడు నిన్ను?"

"ఏమనలె. ఇయ్యాల్టికి గూడ ఏమనలె. అదే గదా."

పప్పు వెయ్యనా అన్నాను. అంజన్న చెయ్యి కడిగేసుకుని, మేకు మీది మోకు తీసి భుజాన వేసుకున్నాడు.

సాయంత్రపు నమాజుకు ఇంకా టైముంది, ఎండ మండిపోతోంది. చెట్టు మొదట్లో మోకు కట్టుకుని వాలాడు. నా వైపు చూశాడు. పన్నెండేళ్లలో ఆయన నన్నెప్పుడూ అడగలేదు, ఇక్కడ ఒంటరిగానే ఎక్కేవాడు. నేను చుట్టూ తిరిగి తాడు తడిమాను, ముడి చూశాను. "ఆగింది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నిచ్చెన ముట్టుకోలేదు. పాత మట్టల మొదళ్ల మీద కాలు మోపుతూ, మోకు పైకి ఎగరేస్తూ కుర్చీ దగ్గరికి చేరాడు. పై పట్టా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. తెగిన చప్పుడు కూడా రాలేదు. పట్టా చేతిలోకి ఊడి వచ్చింది, కుర్చీ ఒరిగింది, ఇనుప చట్రం ఆయన భుజాన్ని కొట్టి కింది పట్టాకు వేలాడింది. అంజన్న ఒక పక్కకు తూలి మోకులోనే ఆగాడు. నేను కింద నిలబడి అల్లా అని అరిచానట. నాకు గుర్తులేదు.

కింది పట్టా లివరు వదులు చేసి, కుర్చీని తాడుతో మెల్లగా దించి, తానూ దిగాడు. భుజం చీరుకుపోయి రక్తం కారుతోంది.

"పట్టా గాదిది వలీ. పాత పేపరు. పై రంగు సక్కగనే ఉన్నది, లోపట పానం లేదు. పీచైతె తెగేముందు పోసలు లేస్తయ్, కిర్రుమంటది. ఇది ఏం చెప్పలె." నేల మీద కూర్చోబోయి, లేవలేనని గుర్తొచ్చి చెట్టుకు ఆనుకున్నాడు. "రేపు తుర్కీ పడుతుండె. నా మాట నమ్మి."

అప్పుడు నేనొక సలహా ఇచ్చాను. దాచడం ఎందుకు, రాస్తున్నాను.

"అన్నా, నా మాట విను. గాలికి పడిపాయనని చెప్దాం. రేపు అది పైన లేకుంటే చాలు కదా. ఎండాకాలమంతా నేనే వదిలేస్తినని నీ నోటితో నువ్వే ఎందుకు చెప్పుకోవల్ల? వాళ్ల నాయనకు కోపమొస్తే ఎగ్జిట్ నొక్కుతాడా?"

"గాలి అంటె కొత్త పట్టాలు దెచ్చి మల్ల గట్లనే కట్టుకుంటడు. మల్ల ఎండకాలం చెట్టు మీదనే ఉంచుతడు. వచ్చే ఏడు పొద్దుగాల సూసెతందుకు నేనుండ గద?"

అంటూనే అంజన్న ఫోన్ తీసి తుర్కీకి నిజమే చెప్పాడు.

తుర్కీ అరగంటలో వచ్చాడు. వస్తూనే అరిచాడు. కొత్త కుర్చీ అన్నాడు, ఏడాది కూడా కాలేదన్నాడు, పోయే ముందు పని తప్పించుకోవడానికి నాటకమన్నాడు. అంజన్న తెగకుండా మిగిలిన కింది పట్టా తీసి ఆయన చేతిలో పెట్టాడు. "లాగు," అన్నాడు అరబ్బీలో. తుర్కీ కోపంగా లాగాడు. పట్టా రెండు ముక్కలైంది. రెండు చేతుల్లో రెండు ముక్కలు పట్టుకుని, తల ఎత్తి చెట్టు ఎత్తు చూశాడు.

"తప్పు నాదే," అన్నాడు అంజన్న. "సీజను అయిపోగానే దించి లోపల పెట్టాల్సింది. ఎండ తినేసింది. పొద్దున కూడా ఎక్కకుండానే బాగుందని చెప్పాను."

తుర్కీ ఆ ముక్కలు కింద పారేశాడు. తర్వాత మాట్లాడిందేమిటంటే, రేపు పొద్దున కుర్చీ పైన ఉండాలి, లేకపోతే నీ ఎగ్జిట్ సంగతి మా నాన్నతో నేను మాట్లాడతాను, అని. స్నేహితుల ముందు పరువు చాలా పెద్ద విషయం.

నేను బురైదా పోయి లారీలకు కట్టే పట్టాలు నాలుగు కొత్తవి తెచ్చాను. పొద్దు వాలేలోపు అంజన్న మళ్లీ ఎక్కాడు. పట్టా ఆనే చోట పాత మట్టల మొదళ్లన్నీ కత్తితో చెక్కి చెట్టును నున్నగా చేశాడు. మొదళ్ల మీద కట్టిన పట్టా అవి విరిగిన రోజున జారిపోతుందని. రెండు పట్టాలు సరిపోయేచోట నాలుగూ వేశాడు. బిగించి, మోకు మీద తన బరువు ఉంచుకునే కుర్చీ మీదికెక్కి ఎగిరి చూశాడు. నిచ్చెన ముక్కలు ఒక్కొక్కటీ విడిగా కట్టాడు. తుపాకి భుజాన వేసుకుని ఎక్కకూడదని, ఎక్కినాక పైకి లాక్కోవడానికి ఒక సన్నని తాడు వేలాడదీశాడు. ఆ రోజు ఎంత అలసిపోయాడంటే, నీళ్ల సీసా మూత నేనే తీసిచ్చాను.

శుక్రవారం తెల్లారింది. స్నేహితులు ముగ్గురూ వచ్చారు, గహ్వా, అదే అరబ్బీ కాఫీ, తాగారు, ఖర్జూరాలు తిన్నారు. తుర్కీ నిచ్చెన మీద కాలు పెట్టబోతుంటే అంజన్న అడ్డం వచ్చాడు. తన భుజం మీది మోకు తీసి తుర్కీ నడుము చుట్టూ, చెట్టు చుట్టూ తిప్పి కట్టాడు. పన్నెండేళ్లలో ఇంకొకరి ఒంటి మీద ఆ తాడు చూడడం అదే మొదటిసారి. తుర్కీ పొట్ట పెద్దది, ముడి రెండు జానలు వదలాల్సి వచ్చింది. స్నేహితులు నవ్వారు. ఒకడు గొర్రెలా అరిచాడు కూడా.

"వాలు," అన్నాడు అంజన్న.

తుర్కీ ఎర్రబడిన ముఖంతో వాలాడు. అంజన్న చుట్టూ తిరిగి అంగుళం అంగుళం తడిమాడు. ముడి రెండుసార్లు చూశాడు. తెలుగులోనే అన్నాడు, "ఆగింది." తర్వాత అరబ్బీలో, "పైకి పోయాక విప్పకు. దిగి నేల మీద కాలు పెట్టాకే విప్పు," అన్నాడు.

తుర్కీ ఎక్కాడు. నిచ్చెన దాటి కుర్చీ జాలీ మీద కాలు పెట్టే చోట బూటు కింద ఇసుక జారింది. రెండు కాళ్లూ గాల్లోకి వచ్చేశాయి. మనిషి జారి, మోకులో బిగుసుకుని, చెంప చెట్టుకు రాసుకుంటూ ఆగిపోయాడు. కింద నవ్వులు ఆగిపోయాయి.

"చెట్టును కావలించుకోకు! వెనక్కి వాలు! కాళ్లు చెట్టుకు ఆనించు!" అంజన్న కింద నుంచి అరుస్తూనే ఉన్నాడు. వాలడానికి భయం. ఎవరికైనా భయమే. మూడోసారి చెప్పాక తుర్కీ కళ్లు మూసుకుని వాలాడు. మోకు ఆగింది. కాళ్లు ఆనాయి. మెల్లగా కుర్చీలోకి పోయి కూర్చుని, చాలాసేపు కదల్లేదు. ఆ రోజు ఒక్క గువ్వ కూడా చావలేదు.

మధ్యాహ్నం అబూ తుర్కీ వచ్చాడు. జుమా నమాజు చేసుకుని తోటలోని అతిథుల గదిలో భోజనం పెట్టించాడు. పెద్ద పళ్లెం నిండా అన్నం, పైన పొట్టేలు మాంసం. అంజన్నను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తన చేత్తో మంచి ముక్కలు తీసి ఆయన ముందు పెట్టాడు. భోజనమయ్యాక లేచి అందరి ముందూ అంజన్న నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. ముసలాయన కళ్లలో నీళ్లు. అబద్ధపు నీళ్లు కావవి, ఒక్కడే కొడుకు. ఆ మనిషి చెడ్డవాడైతే నాకు ఈ కోపం ఎవరి మీద పెట్టాలో తెలిసేది.

ఆయన మాట్లాడాడు. అంజన్నకు అర్థమవుతుందని తెలిసి కూడా, పెద్ద మాటలు కాబట్టి, నన్ను తెలుగులో చెప్పమన్నాడు. నేను నోరు తెరవలేకపోయాను. ఆయన మళ్లీ అన్నాడు: "చెప్పు. నా కొడుకు ప్రాణం కాపాడినవాడిని నేనెలా పంపిస్తాను? నీలాంటివాడు నాకెక్కడ దొరుకుతాడు? నువ్వు పనివాడివి కాదు, నా ఇంటివాడివి. ఇంకొక్క ఏడాది ఉండు. వచ్చే ఏడు కాయ దించాక, ఇన్షా అల్లా."

"ఆయనకు భార్య ఉంది," అన్నాను అరబ్బీలో, నా హద్దు దాటి. "పుష్ప అని. ఎదురుచూస్తోంది. తమ్ముడు మంచంలో ఉన్నాడు. మాట ఇచ్చావు కదా."

"మాట తప్పడం లేదు," అన్నాడు ముసలాయన నొచ్చుకుని. "ఆలస్యం చేస్తున్నాను. ప్రేమతో."

అందరూ అంజన్న వైపు చూశారు. ఆయన తన మోకు వైపు చూస్తున్నాడు. తుర్కీ దాన్ని ఆ అతిథుల గది గోడకు, తాత కాలపు తుపాకి పక్కన, గుర్తుగా తగిలించాడు. దిగగానే విప్పి ఇచ్చేయాల్సిన తాడు. అది తనదని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు.

"తయ్యిబ్," అన్నాడు. సరేనని. అంతే. పదిహేడేళ్లలో నేర్చుకున్న అరబ్బీ అంతా ఆ ఒక్క మాటకే పనికొచ్చినట్టుంది.

గదికి వచ్చాక నేను తిట్టాను. అబూ తుర్కీని, తుర్కీని, అమెరికా కుర్చీని, చివరికి అంజన్ననే. "గాలికి పడిపాయనని చెప్పింటే ఈ పాటికి నీ సంచి సర్దుకుంటాంటివి కదన్నా! ఎందుకు చెప్తివి నిజం? ఏమొచ్చె నీకు?"

"పిలగాడు బతికిండు గద," అన్నాడు. ముప్పై ఏళ్ల మనిషిని పట్టుకుని పిలగాడట. మంచం ఎక్కుతూ అన్నాడు, "ఈసారి సూసిన వలీ. చెయ్యి పెట్టి సూసిన." ఆ మాట నాకు చెప్పినట్టు లేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పైన మేకు ఖాళీగా ఉంది.

వారం గడిచింది. పుష్ప రోజూ ఫోన్ చేసేది, టికెట్టు ఏ దినానికని అడిగేది. ఇంకా తెలవలె అనేవాడు. నేను చెప్పేస్తానంటే నా వైపు ఒక చూపు చూసేవాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం బండి కడుగుతుంటే అంజన్న పిలిచాడు. గది ముందు నీడలో డ్రమ్ము నిండా నీళ్లు, నీళ్లలో పీచు. అప్పటికే ఒక పోగు బాది పెట్టాడు. మాఘమాసం రాగానే పుప్పొడి పని మొదలవుతుంది, మోకు లేకుండా కుదరదు. నాకు ఒక కొస అందించాడు. నేను పట్టుకున్నాను. నోరు తెరిస్తే మళ్లీ తిడతాను.

మూడు మూరలు పేనాక ఫోన్ మోగింది. చేతులు తడి, పీచు వదిలితే పురి విడిపోతుంది. మోచేత్తో నొక్కి, ఫోన్‌ను టీ ఫ్లాస్కుకు ఆనించాడు. మొహం మాత్రమే కనపడేలా ఆనించాననుకున్నాడు.

"తిన్నవా?" అంది పుష్ప.

"తిన్న. నువ్వు?"

నేను పక్కనుంచి చూస్తున్నాను కాబట్టి నాకు కనపడింది. ఆమె కళ్లు ఆయన మొహం మీద లేవు. కింద, ఆయన చేతుల మీద ఉన్నాయి. ఎండిపోయిన మొహంలో అవి మాత్రం కదులుతున్నాయి. గౌండ్లవాళ్ల ఇంటి ఆడమనిషి. ఆ చేతులు ఏం చేస్తున్నాయో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అంజన్న చేతులు ఆగిపోయాయి. ఏదో చెప్పబోయాడు. "పుష్పా, అది ఏందంటె..."

"పురి ఇడుస్తది, ఆపకు," అంది ఆమె. గొంతు చాలా మామూలుగా ఉంది. "గట్టిగ పేనుకో."

అంజన్న మళ్లీ పేనడం మొదలుపెట్టాడు. ఆమె ఫోన్ పెట్టేయకుండా చూస్తూనే ఉంది. రెండో కొస నా చేతిలో ఉంది.